రెండు పడుల ఉప్పు

మా ఊళ్ళో దేవుడి ఎద్దు ఎవరినీ అడిగి లోపలికి రాదు. తమిళనాడులో కోవిల్‌పట్టి దాటాక నల్లరేగడి మధ్య ఉన్న ఊరు మాది. అక్కడ ఆ ఎద్దుకు గేటు వెయ్యకూడదు, కర్ర ఎత్తకూడదు, అది ఏ ఆవు దగ్గరికి వచ్చినా కాదనకూడదు. దూడ పుడితే తండ్రి ఎవరని అడగకూడదు. "సామి ఇచ్చింది" అని ఊరుకోవాలి. చాలా ఏళ్ళుగా ఒకటే ఎద్దు. అంటే సామి ఇచ్చిన ఆవులకు మళ్ళీ సామే దూడలనిస్తున్నాడన్నమాట. విరుదునగర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ, వంశలక్షణాల గురించి ఏటా బోర్డు మీద గళ్ళు గీసే నాకు ఈ సంగతి తట్టలేదు. నాకు బఠాణీల దాకానే తెలుసు.

మా అమ్మ పెంచిన ఎర్రావు ఆ ఎద్దు కూతురే. తొలిచూలు. మా ఇంట్లో అమ్మ మాట మారు మాట్లాడకుండా వినేది అదొక్కటే. దానికేమైనా అయితే అమ్మను ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలియదు.

ఆ ఆదివారం పొద్దున్నే నీటి సంచి పగిలింది. పది దాటినా గిట్ట కనబడలేదు. ఆవు పడుకునేది, లేచేది, వెనక్కి తిరిగి తన పొట్టకేసి చూసుకునేది. సాత్తూరు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. గంటలో వస్తానంది. ఆమె కంటే ముందు పక్కింటి మామ, మా మేనత్త మొగుడు, తాడుతో వచ్చాడు. దూడల్ని ఈడ్చి తీయడంలో ఆయనకు చుట్టుపక్కల పేరుంది. ఆ తర్వాత ఎన్ని ఆవులు లేచి నిలబడ్డాయో ఎవరూ అడగరు.

చెయ్యి లోపల పెట్టి చూసి, "కాలు దొరికింది అల్లుడా. కట్టి నలుగురం లాగితే వచ్చేస్తాది" అన్నాడు.

"కాలు మడుస్తాదా మామా?"

"మడవదు. కట్టె మాదిరి ఉండాది. అదీ మంచిదే, పట్టు బాగా దొరుకుతాది."

కట్టెలా ఉన్న కాలు మంచిదని నాకు అనిపించలేదు. మామ చెయ్యి కడుక్కుంటుంటే ఆ తాడును చుట్టగా చుట్టి దాని మీద కూర్చున్నాను. నా సాహసాల్లో ఇదే పెద్దది.

"సదువుకున్నోడు తాడు మీద కూసోని ఉండాడు సూడక్కా. ఆవు లేసి పరీచ్చ రాస్తాదనా?" అన్నాడు మామ అమ్మతో.

అమ్మ నవ్వలేదు. "వాణ్ణి ఉండనీ" అంది. ఆవు గొంతులోంచి నేనెప్పుడూ వినని చప్పుడొకటి వచ్చింది.

డాక్టరమ్మ వచ్చి భుజం దాకా చెయ్యి పెట్టింది. లోపల ఒక్కో కీలూ తడిమి చూసింది. "దూడ చనిపోయింది. కీళ్ళన్నీ అతుక్కుపోయి ఉన్నాయి, వెన్ను మెలి తిరిగింది. లాగి ఉంటే గర్భసంచి చిరిగేది. ఆవు కూడా దక్కేది కాదు" అని తమిళంలో చెప్పింది. తాడు కోసం మామ నా వైపు చూడటం మానేశాడు.

తోక మొదట్లో మత్తు సూది వేసి, సన్నటి తీగ రంపాన్ని లోపలికి పోనిచ్చింది. దూడను ముక్కలుగా కోసి తీయాలి. చివర్లు పట్టుకుని అటూ ఇటూ లాగే పని నాకిచ్చింది. ఆ చప్పుడు గురించి రాయను. అమ్మ ఆవు తలను ఒళ్ళో పెట్టుకుని, "ఐపోయింది తల్లీ, ఐపోయింది" అంటూనే ఉంది. ఐపోవడానికి రెండు గంటలు పట్టింది.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అడిగింది: "ఏ ఎద్దు?"

"సామి ఇచ్చింది" అంది అమ్మ.

"ఈ ఆవు?"

"ఇది కూడా సామి ఇచ్చిందే."

ఆమె చేతుల మీద నీళ్ళు పోసుకోవడం ఆపింది. "ఊళ్ళో ఇలాంటి దూడలు ఇంతకుముందు పుట్టాయా?"

"లేదు లేదు. ఇదే మొదలు" అంది మా మేనత్త. ఆమె ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి, రెండు పడుల ఉప్పు, కాస్త పసుపు ఉన్నాయి. డాక్టరమ్మ వెళ్ళాక నాతో మెల్లగా అంది: "వాగు కాడ తుమ్మల్లో పూడ్సు. కింద ఒక పడి ఉప్పు, పైన ఒక పడి. అట్లయితేనే నక్కలు తవ్వవు. ఎవురికీ సెప్పొద్దు, ఇంటికి దిష్టి అంటారు."

తడుముకోకుండా చెప్పిన కొలత. సాయానికి సంతోషించి పలుగు, పార తీసుకుని బయలుదేరాను.

తుమ్మల్లో మూర లోతు తవ్వగానే మట్టి తెల్లగా వచ్చింది. ఉప్పు. దాని కింద చివికిన గోనె. గోనె చిరుగులోంచి ఒక చిన్న కాలు, లోపలికి వంగి, కట్టెలా. గబగబా కప్పేసి నాలుగడుగులు జరిగాను. అక్కడా నేల మెత్తగానే దిగింది. మూడో చోట తవ్వలేదు. నిలబడి చూస్తే చాలు, అక్కడక్కడా నేల కుంగి ఉంది. మా దూడను చివరికి వాగు అంచున, ఎవరూ తవ్వని గట్టి నేలలో పూడ్చాను. అందుకు చాలా సేపు పట్టింది. ఆలోచించుకోవడానికి కావలసినంత సేపు.

తిరిగొచ్చేసరికి ఎర్రావు లేచి నీళ్ళు తాగుతోంది. అమ్మ దాన్ని పట్టుకుని ఏడుస్తోంది. పక్కింటి వాకిట్లో గంట వినబడి గోడ మీదుగా చూశాను. దేవుడి ఎద్దు వచ్చింది. అత్త చేటలో తవుడు పెట్టుకుని నిలబడింది. ఆమె వెనక పాకలో ఆమె ఆవు, నిండు చూలుతో.

"అత్తా, నీ పోయిన దూడ పాలు తాగక సచ్చిందంటివే?"

"నోరు మూసుకో అల్లుడా. సామి నిలబడి ఉండాడు."

మూసుకున్నాను. ఎద్దు తీరిగ్గా తింది. తప్పు చేసినవాళ్ళు అంత నెమ్మదిగా తినలేరు. దానికేం తెలుసు పాపం, తెలియాల్సింది మాకు. అత్త ఒక చేత్తో చేట పట్టుకునే, రెండో చేత్తో రొంటిన ఉన్న ఫోన్ తీసి, ముఖం తిప్పకుండా గోడ మీదుగా నాకు అందించింది.

"ఆ డాక్టరమ్మ నంబరు ఇందులో ఎక్కించు. మీ మామకు సెప్పొద్దు."

"ఎన్నాళ్ళుండాది ఈనేదానికి?"

"ఇరవై దినాలు."

"పేరేమని పెట్టేది?"

"పేరెందుకు? నంబరు సాలు."

ఎక్కించి ఇచ్చాను. ఎద్దు చేట అడుగంతా నాకి, గంట ఊపుకుంటూ అత్తవాళ్ళ అవతలి ఇంటి గేటులోకి వెళ్ళింది. ఆ ఇంట్లో రెండు ఆవులున్నాయి.