ఒంటి సీటు కారు

మొన్న టైర్ల కొట్టు ముందు రబ్బరు, గ్రీజు కలిసిన వాసన తగలగానే నరసరావుపేటలోని మా కారు షెడ్డు గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంజనీరింగ్ చదివే మా అక్క చవకలో ఒక పాత కారు కొని, సెలవుల్లో షెడ్డు తలుపేసుకుని ఏదో చేస్తూ ఉండేది. నేను వెళ్తే "తర్వాత రావే" అని పంపేసేది. ఒకరోజు కిటికీలోంచి చూశాను. సీట్లన్నీ పీకేసి, డ్రైవరు సీటు ఒక్కటే ఉంచింది. మమ్మల్ని వదిలేసి ఒక్కతే ఎటో వెళ్లిపోతుందని నాకు రూఢి అయింది. పరుగున పోయి అమ్మకు చెప్పాను.

అమ్మ వచ్చి తలుపు తట్టి, "ఏందే ఇది, యాడికి పోతన్నావు?" అని అడిగింది.

అక్క గ్రీజు చేతులతో బయటికొచ్చింది. "యాడికీ పోనమ్మా. ఇది డ్రిఫ్టు కారు. మలుపులో పక్కకు జారుతూ తిరగాల. బరువు తగ్గాలని సీట్లు తీసేశా. అంతా అయ్యాక చూపిద్దామనుకున్నా."

అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మిరప కళ్లం ఖాళీగానే ఉందిగా, ఆడ తిప్పుకో. రోడ్డెక్కావో, ఊరుకోను" అంది.

ఆ ఆదివారం కళ్లంలో దుమ్ము రేపుతూ కారు గిర్రున తిరిగింది. అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను. అమ్మకు చెప్పినందుకు అక్క నన్ను తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఏ పని తలపెట్టినా, అది పూర్తయ్యేదాకా నా చెవిన పడనివ్వలేదు. నా నోట్లో మాట దాగదన్న అక్క అనుమానంలో తప్పేమీ లేదని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.