అసల్లోకి వేయమన్న మూడు వందలు

1976 జూన్ 14, సోమవారం నాడు నేను అమలాపురం శాఖలో కౌంటరు గుమాస్తాగా చేరాను. మాది ఇళ్లు కట్టుకునేవారికి అప్పులిచ్చే సహకార సంఘం. ఇంటి దస్తావేజులు మా దగ్గర తనఖా ఉండేవి. అప్పు తీరాక తిరిగి ఇచ్చేవాళ్లం. రిటైరయ్యే వరకు ప్రతి పనిదినానికీ నా డైరీలో ఒక పేజీ ఉంది. వాటిలో కొన్ని ఇప్పటికీ చదివితే ఒళ్లు మండుతుంది. ఇది ఆ పేజీల సంగతి.

ముందు పద్ధతి చెప్పాలి. అప్పు ఇచ్చిన రోజునే పదేళ్ల వాయిదాల పట్టిక తయారయ్యేది. ఏ నెల వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత అని నూట ఇరవై వరసలు. వాయిదాకు మించి ఎవరైనా కడితే ఆ సొమ్మును అసలుకు జమ చేయవచ్చు. అప్పుడు ఆ రోజు నుంచే అప్పు తగ్గుతుంది, అంతమేరకు వడ్డీ ఆగుతుంది. లేదా ‘ముందస్తు వాయిదాలు’ అని రాయవచ్చు. అప్పుడు రాబోయే నెలలవి ముందే కట్టినట్టు లెక్క, పట్టికలోని వడ్డీ మాత్రం పైసా తగ్గదు. అంటే వాళ్ల డబ్బు మా దగ్గర ఊరికే పడి ఉంటుంది, అప్పు మీద వడ్డీ మాకు వస్తూనే ఉంటుంది. ఏ పద్దులో వేయాలో చలానాలో ‘వివరం’ అన్న గడిలో కట్టేవారే రాయాలని నిబంధన. ఆచరణలో ఆ గడి నింపేది మేము.

ఎంత ఎక్కువ వచ్చినా ముందస్తు వాయిదాల్లోనే వేయాలని మేనేజరు గారి ఆజ్ఞ. నోటి ఆజ్ఞే, కాగితం మీద ఎక్కడా లేదు. దాని కారణం ఆయన బల్ల మీదే ఉండేది: ముందస్తు వసూళ్లలో మొదటి స్థానం వచ్చినందుకు ప్రధాన కార్యాలయం ఇచ్చిన ఇత్తడి షీల్డు. దాన్ని రోజూ పొద్దున్నే తుడిపించేవారు.

ఆత్రేయపురం వీరవేణి గారికి ఆ ఏడు ఏప్రిల్‌లోనే తొమ్మిది వేలు అప్పు మంజూరైంది. నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ, నెలకు నూట ఇరవై తొమ్మిది రూపాయల వాయిదా. ఆమె భర్త సత్తిరాజు తాపీ మేస్త్రీ. మస్కట్‌లో పనిచేస్తూ పంపే డబ్బుతో వాయిదా తీరేది. ఆమె పూతరేకులు చేసి అమ్మేవారు. ఆ రాబడిలో మిగిల్చి, నాలుగు నెలలకోసారి వాయిదాతో పాటు మూడు వందలు అదనంగా తెచ్చేవారు. రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట మీదుగా వచ్చేవారు. వేడి కుండ మీద రేకులు తీసి తీసి ఆమె వేళ్ల కొసలు నున్నబడిపోయాయి. నోట్లు లెక్కపెట్టడానికి ఇబ్బంది పడేవారు.

1981 ఏప్రిల్ 6న ఆమె కొత్త గుడ్డ సంచి పట్టుకుని వచ్చారు. దస్తావేజులు పెట్టుకోవడానికి కుట్టించారట. అప్పటికి నేను హెడ్ గుమాస్తాను. కౌంటరులోని గుమాస్తా లెడ్జరు చూసి, ఇంకా మూడు వేల రెండు వందల నలభై ఉందన్నాడు.

“అదేంటండీ! అయిదేళ్లకి తీరిపోద్దని మా పక్కింటి లెక్కల మేష్టారు కాయితం మీద వేసి చూపించేరండి. నేను తెచ్చిన మూడొందలన్నీ ఏ గోదాట్లో కలిసేయండీ?”

మేనేజరు గారు నవ్వుతూ బయటికి వచ్చారు. “ఎక్కడా కలవలేదమ్మా. ముప్పై నాలుగు వాయిదాలు ముందే కట్టేసేరు మీరు. మూడేళ్ల దాకా ఇటు రానక్కర్లేదు. హాయిగా ఇంట్లో కూర్చోండి.”

“నేను కూర్చోడానికి కాదండి, ఆయన రాడానికి కట్టేనండి” అన్నారామె.

సంగతి ఇది. అప్పు పూర్తిగా తీరనిదే ఊళ్లో దిగనని సత్తిరాజు పంతం. అతని ఒప్పందం ఆ వేసవితో ముగుస్తుంది. మరో రెండేళ్లకు ఉంటాడో లేదో మే నెలాఖరులోగా కంపెనీకి చెప్పాలి.

ఆదివారం కూర్చుని అయిదేళ్ల లెక్కా మళ్లీ కట్టాను. ప్రతి మూడు వందలనూ కట్టిన రోజునే అసలుకు జమ చేసి చూస్తే అప్పు మార్చిలోనే తీరిపోయింది. పైగా సంఘమే ఆమెకు రెండు వందల ఇరవై ఇవ్వాలి.

ఆ కాగితం మేనేజరు గారి ముందు పెట్టాను.

“అసలుకు వేయమని రాసిచ్చిందా?” అన్నారు.

“నోటితో చెప్పి ఉంటారండి.”

“చెప్పి ఉంటుందా, చెప్పిందా?”

ఇంటికి వెళ్లి 1976 డైరీ తీశాను. జూలై 30. నా చేతిరాతే: ‘ఆత్రేయపురం వీరవేణి గారు. 300 ఎక్కువ. అసల్లోకి వేసేయండి బాబుగారూ అన్నారు. మే. గారి మాట ప్రకారం ముందస్తులో వేశాను.’ ఎంత శ్రద్ధగా రాసుకున్నానో! ఆ రోజు ఆమెతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఇక చెప్పాల్సిన అవసరం లేదనుకున్నారు. మేము అడగాల్సిన అవసరం లేదనుకున్నాం.

మర్నాడు ఆ పేజీ చూపించాను. “నీ డైరీ సంఘం రికార్డా? రేపు మీ ఆవిడ కూరల పద్దు కూడా తెస్తావా?” అన్నారు మేనేజరు గారు. వీరవేణి గారి చేత దరఖాస్తు రాయించి, ఆ పేజీ నకలు జతచేసి ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్ పోస్టులో పంపాను. పద్ధతి ప్రకారం శాఖ ద్వారా పంపలేదని నాకు మెమో మాత్రం తొమ్మిది రోజుల్లో వచ్చింది. దరఖాస్తుకు జవాబు పద్నాలుగు నెలలకు వచ్చింది. ఈలోగా మే నెల దాటిపోయింది. సత్తిరాజు మరో రెండేళ్లకు సంతకం చేశాడు.

ఉత్తర్వులో నా లెక్కే ఒప్పుకున్నారు. తప్పు పద్దు రాసిన గుమాస్తాగా నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. అది న్యాయమే, రాసింది నేనే. రాయించిన మేనేజరు గారికి పదోన్నతి మీద పెద్ద శాఖకు బదిలీ అయింది. షీల్డు ఆయన వెంట వెళ్లింది. అదే తీరున నడిపిన మిగతా ఖాతాల ఊసు ఉత్తర్వులో లేదు. వాటి గురించి నేను మూడుసార్లు రాశాను. మూడింటికీ జవాబు లేదు.

1982 జూన్‌లో వీరవేణి గారు అదే గుడ్డ సంచితో వచ్చారు. దస్తావేజులు ఒక్కొక్కటీ చూసుకుని లోపల పెట్టుకున్నారు. రెండు వందల ఇరవై రూపాయలు కౌంటరు మీదే వదిలేసి నా వైపు తిరిగారు.

“మీకు లెక్కలు బాగా వచ్చండి. ఈ రెండొందల ఇరవైకీ రెండేళ్లలో ఎన్ని రోజులు కొనుక్కోవచ్చో లెక్క కట్టి చెప్పండి, తీసుకుంటాను.”

నేను నోట్లను మళ్లీ ఆమె వైపు జరిపాను. “ఆయ్, సరేనండి” అని ఆమె అవి తీసుకుని బస్సుకు వెళ్లిపోయారు.

ఆ వారమే ‘అసలుకు జమ’ అని రబ్బరు స్టాంపు ఒకటి సొంత డబ్బుతో చేయించాను. ఎక్కువ కట్టిన ప్రతివారినీ అడిగి, చలానా మీద, రసీదు మీద అది వేసి, పక్కన వారి చేత సంతకం పెట్టించేవాణ్ణి. కొత్త మేనేజరు అభ్యంతరం చెప్పారు. రాతపూర్వకంగా వద్దనమన్నాను. ఆయన రాయలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఇంటి అప్పుకు వాయిదాను మించి కట్టేవారు, ఆ సొమ్ము దేనికో తమ చేత్తో రాసి, రసీదులో అదే మాట ఉందని చూసుకున్నాకే కౌంటరు వదలాలి. కౌంటరుకు ఇవతల కూర్చున్నవాడు తాను విన్న మాటను చలానాలోనే రాయాలి. డైరీలో రాసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.