ప్రొజెక్టరు కంటికి పెట్టిన బొట్టు

నిన్న ఆయుధ పూజని మా మనవరాలు నా ఫోనుకు బొట్టు పెట్టింది, సరిగ్గా కెమెరా మీద! ఫోటోలన్నీ ఎర్రగా మసకబారి వస్తుంటే నాకు కమలమ్మ టీచరు గుర్తొచ్చారు.

జార్జి టౌన్‌లో మన తెలుగు బడిలో చదివినవాళ్ళారా, గుర్తుందా? యాభైల్లో మన బడికి గోడ మీద బొమ్మలు చూపించే ప్రొజెక్టరు వచ్చింది. కిటికీలకు మిరపకాయల గోనెసంచులు కట్టి గది చీకటి చేస్తే, బొమ్మ కంటే ముందు మనకు తుమ్ములొచ్చేవి.

ఆ ఏడు ఆయుధ పూజకు టీచరు ఆ మిషనుకు భక్తిగా గంధం, కుంకుమ పెట్టారు, ముందున్న గుండ్రటి అద్దం నడిమధ్యన. పండగయ్యాక వెలిగిస్తే గోడ మీద హిమాలయాలు లేవు, ఎర్రటి మసక ఒకటే. మిషను చెడిపోయిందని, ఇక వెనక్కి తీసుకుపోతారని ఆవిడ ఏడ్చేశారు.

టీచర్లకు దాన్ని వాడటం నేర్పే మాస్టారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. కోప్పడతారని మనమంతా బిక్కచచ్చిపోయాం. ఆయనేమో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"నేను తాకనమ్మా. మెత్తటి గుడ్డతో మీరే తుడవండి. బొట్టు ఈడ, పెట్టె మీద పెట్టుకోండి. ఆడ వద్దు, అది దాని కన్ను."

టీచరే మెల్లగా తుడిచారు. గోడ మీద మంచుకొండలు వెలిగాయి. ఆ తర్వాత ఆవిడ మనకేం నేర్పినా చేతులు వెనక్కి కట్టుకునే నేర్పారు. ఆ ఇద్దరికీ నా దండాలు.

"ఇటియ్యి అవ్వా, నేను తుడుస్తా" అని మనవరాలు చెయ్యి చాపింది.

"నేనే తుడుచుకుంటాలే. నువ్వు చేతులు వెనక్కి కట్టుకో" అన్నాను.