ఇనుప డబ్బాలో కళ్లు మూసుకున్న రోజు

మొన్న మా అల్లుడి కారులో జనగామ నుంచి మానుకోటకు పోతుంటే దారి పక్కన కంటైనర్ లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. ఎక్కడో సముద్రం మీద కొట్లాటలని ఓడలు దారి మార్చుకున్నాయట, రేవులో చోటు లేక సరుకు కదలడం లేదట. అల్లుడిది మిర్చి ఎగుమతి వ్యాపారం కనుక అతని దిగులు అతనిది. నేను మాత్రం ఆ ఇనుప తలుపులను చూసి, చలి పెడుతున్నా కారు అద్దం కిందికి దించుకున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మానుకోటలో మా బాపుకు మిర్చి గోదాము ఉండేది, కాయను రంగును బట్టి ఏరించే పని నాది. అంతవరకు మా బస్తాలు లారీల మీద పెద్ద ఊళ్ల మండీల దాకా పోయేవే తప్ప, మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లే లేరు. పైదేశాల్లో గిరాకీ పెరిగి, మద్రాసు రేవు నుంచి ఖాళీ కంటైనర్ నేరుగా మా గోదాము ముందుకు రావడం మొదలైన ఏడాది అది. సరుకు నింపే ముందు ఒక మనిషి లోపల నిలబడితే బయటి నుంచి తలుపులు బిగించేవారు. ఎక్కడైనా సూదిమొనంత వెలుగు కనబడిందంటే అక్కడ చిల్లు ఉన్నట్టే, ఓడ మీద అందులోంచి ఉప్పునీళ్లు దిగి కాయంతా బూజు పడుతుంది. బాపు కళ్లకు శుక్లాలు. హమాలీలు భయపడి లోపలికి రామన్నారు. నేను పోయాను.

తలుపు మూసుకోగానే నా చెయ్యి నాకే కనబడలేదు. ఎండకు కాగిన ఇనుము వేడి, ఏదో మందు వాసన, గొంతులో మిర్చి ఘాటు. చాలనుకుని తలుపు తట్టాను. గడియ కడ్డీ ఇరుక్కుపోయిందని బయట ఎవరో అనడం వినబడింది. ఆ తర్వాత గడ్డపార దెబ్బలు, బాపు కేకలు; ప్రతి దెబ్బకు ఆ డబ్బా అంతా నా తలలోనే మోగినట్టుండేది. గోడకు ఆనుకుని కూలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

తలుపు తెరిచాక బాపు నీళ్లు తాగించి, మెల్లగా అడిగాడు.

"ఏమన్న వెలుగు కనబడ్డదా బిడ్డా?"

"లేదు బాపు," అన్నాను. ఇంకోసారి పొమ్మంటారేమోనన్న భయం నా చేత ఆ మాట అనిపించింది.

డబ్బా నిండింది, పోయింది. ఓడ ఎన్ని రోజులు నడిచిందో అన్ని రోజులూ నేను సరిగ్గా అన్నం తినలేదు. వేసవి వాన గోదాము రేకుల మీద పడితే, మా ఊళ్లో కాదు, ఆ బస్తాల మీదే పడుతున్నట్టు వణికేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం తట్టుకోలేక బాపుకు చెప్పేశాను.

"నేను కండ్లు తెరువనేలే బాపు."

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నాకు తెలుసు బిడ్డా. నీ మొఖం చూస్తేనే సమజైంది. నిన్ను మల్ల ఆ డబ్బా లోపటికి పొమ్మనడానికి నాకు పానం ఒప్పలే," అన్నాడు.

అంటే ఆయన కూడా ఆ రోజులన్నీ నాలాగే భయపడుతూ గడిపాడన్నమాట. సరుకు పొడిగా చేరిందని కబురు వచ్చిన నాడు ఇద్దరం ఏడ్చాం. తర్వాతి కంటైనర్ వచ్చినప్పుడు బాపు నాతోపాటు లోపలికి వచ్చి, ఆ చీకట్లో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు చూపు ఆనదు, నాకు ధైర్యం లేదు. కప్పు మూలన చుక్కంత వెలుగు కనబడింది, వేలెత్తి చూపించాను. ఆ డబ్బాను వెనక్కి పంపేశారు.

ఇప్పుడు ఓడ ఎక్కడుందో అల్లుడి ఫోన్లోనే తెలుస్తుంది. ఏదో దేశంలో దారి మూసుకుపోతే సాయంత్రానికి మానుకోట మార్కెట్ యార్డులో రైతు మొహం వాడిపోతుంది. అల్లుడు కూడా రెండు రోజులుగా ఆ ఫోన్ చూస్తూనే ఉన్నాడు, ఏమైందని మా బిడ్డ అడిగితే ఏం లేదంటున్నాడు. ఆ రోజుల్లో మాకూ భయం తక్కువేం కాదు. కాకపోతే, ఎన్నాళ్లు దాచుకున్నా, చివరికి చెప్పుకోవడానికి ఒక మనిషి పక్కనే ఉండేవాడు.