వదులుగా కట్టిన బొంత

ధర్మవరంలో మా వీధివాళ్లు కేశవ మామ గురించి ఒక మాట చెప్పుకుంటారు. భార్య రంగనాయకమ్మ దగ్గు భరించలేక ఆమెను హిందూపురంలో కూతురింటికి తోలేశాడట. ఆమె అక్కడ పోయాక, ఇంట్లో తన ఉయ్యాల కింద ఇంకో ఉయ్యాల కట్టాడట. దయ్యమై వచ్చిన పెళ్లాం కింది దాంట్లో పడుకుంటుందట. కొళాయి దగ్గర ఈ మాట వచ్చినప్పుడల్లా నేను బిందె ఎత్తుకుని వచ్చేస్తాను. వాళ్లింట్లో మామ మగ్గం కండెలకు పట్టుదారం చుట్టేది నేనే.

వాళ్లది ఒకటే గది. సగం మగ్గానికే పోయింది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి వానాకాలంలో నీళ్లు ఊరుతాయి. పోయిన కార్తీకంలో వాన విడవలేదు. గుంత నిండి గచ్చంతా తడిసింది. రంగనాయకమ్మ అత్తకు ఊపిరితిత్తుల జబ్బు. చలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మంచం వేసే చోటు లేక, మామ మందపాటి దుప్పటితో దూలానికి పెద్ద ఉయ్యాల కట్టాడు.

"ఏమే రంగీ, తొట్లో పాప మాదిరి ఉండావు," అన్నాడు.

"జోల పాడు మరి. నీ గొంతుకు నా దగ్గు జడుచుకోని పోతాది."

పైన రెండు కంబళ్లు కప్పినా అత్త వణికింది. "పైన కాదయ్యా, కింద నుంచి కొడ్తాండాది చలి. వీపు మంచుగడ్డ అయిపోతాండాది." వీపు కింద దూది బొంత పరిచాడు. బరువుకు అది అప్పడంలా నలిగిపోయింది. అప్పుడు, ఒంటి బరువు పడకుండా బొంతను ఉయ్యాలకు అడుగున, బయటి వైపు కట్టాలన్న ఆలోచన మామకు వచ్చింది.

ఆలోచన మంచిదే. చెయ్యి మాత్రం నేతగాడిది. పడుగు దారాలు వదులైతే చీర చెడిపోతుంది. గుడ్డ ఎక్కడ వేలాడినా ఆయన చూడలేడు. బొంతను ఉయ్యాలకు అతుక్కుపోయేట్టు బిగించాడు.

"కొంచెం వదులు చెయ్యి," అంది అత్త.

"వదులు చేస్తే చలి దూరదా? పుట్టినప్పట్నుంచి పడుగు బిగించేవాన్ని. నాకే చెప్తాండావా?"

"చీరకు బిగించుకోప్పా. నేను చీరనా?"

నాకు నవ్వొచ్చింది. మామ నవ్వలేదు. ఇంకో ముడి వేశాడు. బొంత మళ్లీ నలిగింది.

దగ్గు ఎక్కువైంది. కూతురు వీణ వచ్చి తీసుకుపోయింది. "నువ్వు కట్టేది నేర్చుకో, వస్తా," అని అత్త ఆటో ఎక్కింది. ఆ మాటతో మామకు అదే పని అయింది. కడతాడు, అందులో తానే పడుకుంటాడు, వీపు తడుముకుంటాడు, లేచి ఇంకా బిగిస్తాడు. వాన మాత్రం ఆగలేదు.

ఒకనాడు ఆయన పడుకుని ఉండగా తాడు జారి బొంత జానెడు కిందికి వేలాడింది. సర్దబోయాను.

"ముట్టొద్దు ఇష్రత్!" అన్నాడు. చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. "ఉయ్యాలకూ బొంతకూ నడుమ ఈడ చెయ్యి పెట్టి చూడు. గాలి వెచ్చగుండాది."

పెట్టాను. నిజంగానే వెచ్చగా ఉంది. దూది నలగలేదు, గాలి కదలడం లేదు.

రెండో వైపు తాడు కూడా తానే వదులు చేశాడు. వీణకు ఫోన్ చేసి, "మీ అమ్మకియ్యి," అన్నాడు. "ఏమే, వదులు చేసినా. నువ్వు చెప్పిందే సరి. రేపు వస్తాండా, తయారుగా ఉండు."

ఫోన్‌లో దగ్గు, తర్వాత అత్త గొంతు. "అబ్బా, ఈ జన్మకు నా మాట ఒకటి ఇన్నావు."

మామ మంచి కంబళి ఒకటి చంకన పెట్టుకుని మరునాడు పొద్దున్నే బస్సెక్కాడు. పెనుకొండ బస్టాండులో బస్సు ఆగి ఉండగా వీణ ఫోన్ చేసింది. తెల్లారి కాఫీ ఇద్దామని లేపితే అత్త లేవలేదు.

ఇప్పుడు గుంత ఎండింది. మామ మళ్లీ నేస్తున్నాడు. ఉయ్యాల విప్పలేదు, దాని కింద బొంతా విప్పలేదు. వీధివాళ్లు చెప్పుకునే కింది ఉయ్యాల ఆ బొంతే. పై ఉయ్యాలలో కూడా ఎవరూ పడుకోరు. మామ మగ్గం పక్కన గచ్చు మీద చాప వేసుకుని పడుకుంటాడు.