పక్కటెముకల మీది రెండక్షరాలు

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక షెడ్డులో భోజనాలు. వేయించిన కోడి, ఆలుగడ్డ సలాడ్, పీచ్ పళ్ళతో చేసిన తీపి కాబ్లర్ బల్ల మీద బారుగా పెట్టి ఉన్నాయి. వెర్లీన్ పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడగానే రాస్కో టాడ్‌లాక్ గొంతెత్తాడు.

"మీమీ కుక్కల్ని బళ్ళలోకి ఎక్కించి తలుపులేసుకోండ్రోయ్! సూది వెర్లీన్ వచ్చింది!"

బల్ల చుట్టూ పకపకలు. పాస్టరు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. వెర్లీన్ కూడా నవ్వింది. ఏళ్ళ తరబడి ఆ మాటకి అలా నవ్వుతూనే ఉంది.

ఆమె పని మా కౌంటీ ప్రభుత్వం నడిపే కుక్కల షెల్టర్లో. ఊరి చెత్తంతా పోసే గుట్ట దాటాక, రేకుల కప్పు కింద రెండు వరసల బోన్లు. పొద్దున్నే బోన్లు కడగాలి, గిన్నెలు నింపాలి. శుక్రవారం నాటికి బోన్లు కిక్కిరిసిపోతే, ఎవరూ అడగని కుక్కలకి ఆఖరి సూది వెయ్యాలి. దానికి డాక్టర్ని పెట్టుకునే స్తోమతు లేదని కౌంటీ వాళ్ళు షెల్టర్ మనుషుల్లోనే ఒకరిని శిక్షణకి పంపుతామన్నారు. అందరూ తల దించుకున్నారు. దించుకోవడం ఆలస్యమైంది వెర్లీన్‌కే.

ఆ బోన్లు నింపేది ఎవరు? జనవరిలో జింకల వేట ముగుస్తుంది. ముగిసిన మర్నాటి నుంచీ తెల్లవారేసరికి షెల్టర్ గేటుకి హౌండ్ జాతి వేటకుక్కలు కట్టేసి ఉంటాయి. వయసుడిగినవి, పరుగు తగ్గినవి, తుపాకి మోతకి బెదిరినవి. మెడ పట్టీలు కోసేసి ఉంటాయి, పట్టీ మీద పేరుంటుంది గనక. కానీ పక్కటెముకల మీది ముద్రని కొయ్యడం ఎవరి తరం? మా మిసిసిపీ వేటగాళ్ళు కుక్కపిల్లగా ఉండగానే డ్రై ఐస్‌లో చల్లబరిచిన ఇనప అక్షరాలు ఒంటికి అదిమిస్తారు. ఆ మేర వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. అడవిలో తప్పిపోయినా ఫలానావాడి కుక్క అని తెచ్చి అప్పజెప్పడానికి. వేట రోజుల్లో ఆ అక్షరాలు చదవలేనివాడు మా కౌంటీలో లేడు. వేట ముగిశాక చదవగలిగినవాడు లేడు.

రాస్కో వేటగాళ్ళ సంఘానికి పెద్ద. కౌంటీ బోర్డులో సభ్యుడు. వెర్లీన్ భర్త హార్లన్‌కి స్వయానా అన్న. హార్లన్ ఆ అన్న రంపపు మిల్లులోనే పనిచేసి పొట్టు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇప్పుడు అదే మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని. వాళ్ళ రేకుల ట్రెయిలర్ ఇల్లున్నది రాస్కో పొలంలో. రోడ్డెక్కాలన్నా అతని బాటే. నీళ్ళలో ఉంటూ మొసలితో వైరమా? అందుకే వెర్లీన్ నవ్వేది.

ఆ సోమవారం గేటుకి ఒక ఆడ హౌండ్ కట్టేసి ఉంది. తెలుపు, గోధుమ రంగుల మధ్య వీపు నుంచి పక్కటెముకల దాకా జీను వేసినట్టు నలుపు. ఆ నలుపు మీద తెల్లటి రెండక్షరాలు: ఆర్, టీ. వెర్లీన్ దగ్గరికి వెళితే తోకైనా ఊపలేదు, అరవలేదు. తల తెచ్చి ఆమె మోకాలికి ఆనించి, పెద్ద బరువేదో దించుకున్నట్టు నిట్టూర్చింది.

"నీకు డాలీ అని పేరు పెడతానమ్మా," అంది వెర్లీన్. పేరు పెట్టకూడదని ఆమెకి ఆమే పెట్టుకున్న నియమం. అయినా పెట్టింది.

ఖాళీ లేక డాలీని ఒక చారల కుక్కతో కలిపి ఉంచింది. ఏ జాతి అని చెప్పలేని కుక్క అది. నలుగురైదుగురు తాతలు పోట్లాడుకుని దాన్ని తయారుచేసినట్టుండేది. రెండూ వీపులానించుకుని పడుకున్నాయి.

వెర్లీన్‌కి ఉన్న ఒకే దారి మార్నీ. ఉత్తరాన ఒహాయోలో హౌండ్లని మాత్రమే ఆదుకునే బృందం తరఫున కుక్కల్ని ఎంచేది ఆవిడే. ఆ బృందానికి బోన్లు లేవు, ఉన్నవి ఇళ్ళు. ఎవరో ఒకరు తమ ఇంట్లో కొన్నాళ్ళు చోటిస్తే, ఆ చోటుకి షెల్టర్ నుంచి ఒక హౌండ్ వస్తుంది. మెట్లెక్కడం, అద్దాల తలుపుకి ముక్కు కొట్టుకోకపోవడం, మనిషి చెయ్యెత్తితే బెదరకపోవడం నేర్చుకుంటుంది. శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికాక ఆ చోటు ఇంకోదానికి ఖాళీ అవుతుంది. ఫోటోలు పంపాలి. వేరే కుక్కతో ఎలా ఉంటుందో, తింటున్న గిన్నె ముట్టుకుంటే ఏం చేస్తుందో వీడియో తియ్యాలి. గుండెపురుగు పరీక్ష చెయ్యాలి. మార్నీ సరేనంటే బోనుకి పసుపు రిబ్బను కడతారు. రిబ్బనున్న బోను జోలికి శుక్రవారం సూది రాదు. శనివారం పొద్దున హైవే మీది పెట్రోలు బంకు దగ్గరకి వాళ్ళ వ్యాను వస్తుంది.

ఒకసారి వెర్లీన్ పప్పులో కాలేసింది. చెవులు పొడుగ్గా ఉన్నాయి కదాని నాటు కుక్కొకదాన్ని హౌండ్ అని చెప్పి పంపేసింది. దాని ప్రాణం నిలిచింది గానీ, ఆ చోటు కోసం వేరే షెల్టర్లో ఎదురుచూస్తున్న హౌండ్ చచ్చిపోయింది. మార్నీ ఆ సీజనంతా ఫోన్ ఎత్తలేదు. ఆ సీజనంతా మా కౌంటీలో ఒక్క బోనుకీ రిబ్బను లేదు.

గురువారం మధ్యాహ్నం మార్నీ ఫోన్ చేసింది. వెర్లీన్ చేతులు సబ్బునీళ్ళలో ఉండడం వల్ల ఫోన్‌ని అరుగు మీద పెట్టి స్పీకర్ నొక్కింది. షెల్టర్ పెద్ద మైల్స్ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"డాలీ బంగారం, వెర్లీన్ గారూ! చోటు కూడా ఉంది. కానీ ఫోటోలో ముద్ర కనిపిస్తోంది. ఎవరిదది?"

మైల్స్ అడ్డంగా తలూపాడు. వెర్లీన్ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "తెలీదండీ."

"తెలీదంటే నేను తీసుకోలేను. పోయినేడాది ముద్రున్న కుక్కనొకదాన్ని పెంచుకునేవాళ్ళకి ఇచ్చాం. దాని యజమాని పోలీసుల్ని వెంటేసుకుని వాళ్ళింటికే వచ్చాడు, దొంగతనం చేశారని. దాన్ని కౌగలించుకుని పడుకున్న పిల్ల దగ్గర్నుంచి లాక్కుపోయాడు. అప్పట్నుంచీ మా వాళ్ళది ఒకటే పట్టు. యజమాని ఎవరో తెలియాలి, వద్దని అతని నోటితో నేను వినాలి. మీ ఊళ్ళో ఆ అక్షరాలు నిజంగా ఎవరికీ తెలీవా?"

"మార్నీ మేడం, ఊరికే ఆవిణ్ని ఇబ్బంది పెట్టకండి," అన్నాడు మైల్స్ గుమ్మంలోంచే. "యజమాని వచ్చి అడగాల్సిన గడువైపోయింది. చట్టప్రకారం ఆ కుక్క ఇప్పుడు కౌంటీదే."

"చట్టం సంగతి నాకు తెలుసండీ. నేనడిగేది పేరు."

మైల్స్ అడుగు ముందుకేసి గొంతు తగ్గించాడు. "వెర్లీన్, బోర్డులో మన జీతాలకి చెయ్యెత్తేది ఆయనే. నీ ఇల్లెక్కడుందో నీకు నేను చెప్పాలా? వదిలెయ్. అదొక కుక్క."

వెర్లీన్ బోను వైపు చూసింది. డాలీ తీగల్లోంచి ముక్కు బయటపెట్టింది. ఆ బోనూ, గుమ్మంలో మైల్సూ, ఇంటికెళ్ళే బాటా అన్నీ ఒక్క కొలతతో చేసిన బోన్లే అనిపించాయి ఆమెకి. మర్నాడు సూది పట్టుకోవాల్సింది ఈ చెయ్యే. ఆదివారం చర్చిలో నవ్వాల్సింది ఈ మొహమే.

"రాస్కో టాడ్‌లాక్," అంది. "నా భర్త అన్న. నంబరు చెప్తాను రాసుకోండి."

మైల్స్ "అయ్యో నా తండ్రీ" అని కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

మార్నీ ఫోన్ పెట్టెయ్యకుండానే అదే లైన్లోకి రాస్కోని కలిపింది. వెనకాల రంపం మోత.

"సార్, పక్కటెముకల మీద ఆర్ టీ ముద్రున్న ఆడ హౌండ్ షెల్టర్లో ఉంది. మీదేనా?"

"ఎవరు చెప్పారు?"

వెర్లీన్ చేతులు తుడుచుకుంది. "నేనే చెప్పాను రాస్కో."

రంపం ఆగింది. రాస్కో నవ్వాడు, చర్చిలో నవ్వినట్టే.

"ఓహో, సూది వెర్లీనా! నాది కాదన్నానా ఏం? నాదే. దానికంటే గేటుకి కట్టిన తాడు ఖరీదెక్కువ. జింక ముక్కు ముందు నుంచి పోతున్నా నోరు విప్పని మూగ ముండ. నా పేరు పరువు తీసింది. పట్టుకుపోండి, మీ ఉత్తరాదోళ్ళు సోఫా మీద కూర్చోబెట్టి ఐస్‌క్రీం పెట్టుకోండి."

"వద్దంటున్నారు కదా సార్, మళ్ళీ అడగరు కదా?"

"చెప్తే అర్థం కాదా అమ్మా? వద్దు!" అని, గొంతు మార్చాడు. "వెర్లీన్, నీతో తర్వాత మాట్లాడతా."

డాలీ బోనుకి వెర్లీన్ తన చేత్తోనే పసుపు రిబ్బను కట్టింది. కట్టాక గుర్తొచ్చింది, బోనులో ఇంకొకటుందని. రిబ్బను డాలీకి మాత్రమే. చారల కుక్కని వేరే బోనులోకి మార్చింది. దాని ఫోటో ఎన్ని చోట్లకి పంపలేదూ! ఏ జాతీ కాని కుక్కకి ఏ బృందం ఉంటుంది? మార్నీకి దాని చెవులు పొడుగని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. శుక్రవారం దాని తల ఒళ్ళో పెట్టుకుని, అది కళ్ళు మూసేదాకా చెవి వెనక గోకుతూ కూర్చుంది. శనివారం డాలీ వ్యాను ఎక్కనని మొరాయించి, చివరికి వెర్లీన్ స్వెటర్ వాసన చూసుకుంటూ ఎక్కింది.

రాస్కో వచ్చి అరవలేదు. హార్లన్ని పనిలోంచి తియ్యలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. వాళ్ళ బాటకి అడ్డంగా ఒక ఇనప గేటు పెట్టించి తాళం వేశాడు.

"వేటకుక్కలు బయటికి పోకుండా," అన్నాడు. "తాళంచెవి ఒకటే ఉంది. పొద్దున నువ్వు హారన్ కొట్టు, నేను తీస్తాలే."

హార్లన్ దగ్గుతూ, "ఎందుకే చెప్పావ్?" అన్నాడు.

"అడిగారు కాబట్టి."

"ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదా?"

వెర్లీన్ అతని ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. అడిగారు. అడిగిన ప్రతిసారీ తెలీదంది, ప్రతిసారీ ఒక కుక్క పోయింది.

ఇప్పుడు ఆమె రోజూ పొద్దున గేటు దగ్గర హారన్ కొట్టి నిలబడుతుంది. బుద్ధిపుట్టినప్పుడు వచ్చి తీస్తాడు రాస్కో. పనికి ఆలస్యమైతే మైల్స్ చిరాకు పడతాడు. చర్చిలో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. బోన్లు ఇంకా నిండుతూనే ఉన్నాయి, శుక్రవారం సూది ఇంకా ఆమెదే. మారిందల్లా ఒకటే. షెల్టర్ గేటుకి కట్టేసిన ప్రతి కుక్క పక్కటెముకల మీది అక్షరాల్నీ పైకి చదువుతుంది, పేరు చెబుతుంది, ఫోన్ కలుపుతుంది. తిట్టేవాళ్ళు తిడుతున్నారు. కానీ వద్దని నోటితో చెబుతున్నారు. రిబ్బన్లు పెరిగాయి.

ఇది చదువుతున్న మీ వీధిలోనూ ముచ్చటపడి కొన్న లాబ్రడార్, ఎండకి తట్టుకోలేని హస్కీ, ముసలిదైన రాట్‌వైలర్ ఏదో ఒకరోజు హైవే పక్కన కనిపిస్తుంది. అది ఎవరిదో మీలో ఒకరికి తెలిసే ఉంటుంది. తెలీదనకండి. ఆ ఇంటి తలుపు తట్టి అడగండి, వద్దంటే వాళ్ళ నోటితో చెప్పించండి, మీ ఊరి షెల్టర్‌కీ ఆ జాతిని ఆదుకునేవాళ్ళకీ కబురు చెయ్యండి. వరండాలో కొన్నాళ్ళు చోటివ్వగలిగితే ఇవ్వండి. మీరిచ్చే చోటు ఒక బోను ఖాళీ చేస్తుంది. ఆ చోటులో ఏ జాతీ కానిదాన్ని, ఎవరూ అడగని చారల కుక్కని ఉంచుకుంటే ఇంకా మేలు. వెర్లీన్ లాంటి మనిషి మీ ఊళ్ళోనూ ఒకరుంటారు. ఆ మనిషిని చూసి నవ్వే ముందు, ఆ సూది ఆ చేతికి ఎవరిచ్చారో అడగండి.