మూటలో పాస్‌పోర్టు

విమానాలు దిగని ఊళ్ళో విమానం టికెట్లు అమ్మడం నా ఉద్యోగం. మా ఊరి సోనారీ పేటలో ఒక చిన్న రన్‌వే ఉండేది గానీ, మామూలు మనిషికి అది గోడవతలి సంగతి. విదేశం వెళ్ళాలంటే జంషెడ్‌పూర్‌లో ఎవరైనా ముందు హౌరా రైలెక్కాలి. ఆ రైలు ఖరగ్‌పూర్ దగ్గర ఆగిపోయిందని కలకత్తా దమ్‌దమ్‌లో విమానం ఆగదు కదా. విమానం తప్పిపోయిన వాళ్ళంతా తిరిగి బిష్టుపూర్ వచ్చి, మా ట్రావెల్ ఆఫీసు కౌంటర్లో కూర్చున్న నన్ను తిట్టేవారు. తిట్లు తినడానికే నాకు జీతం ఇస్తున్నారేమో అనిపించేది.

తొంభైల మొదట్లో నేను చేరేనాటికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఉక్కు ఫ్యాక్టరీలో కొత్త మిల్లు బిగించడానికి జర్మనీవాళ్ళు, జపాన్‌వాళ్ళు దిగేవారు. పాపం, ఆదివారం వస్తే వాళ్ళకి ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆగ్రాకి టికెట్లు అడిగేవారు, సీసా నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారు. తర్వాత మనవాళ్ళు వెళ్ళడం మొదలైంది. కద్మా కంపెనీ క్వార్టర్ల ఇంజనీర్లు ట్రైనింగుకని యూరప్ వెళ్ళేవారు. అందులో తెలుగువాళ్ళు చాలామందే ఉండేవారు. నా యాస విన్నాక కూడా నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. తిరిగొచ్చాక వాళ్ళ ఆడవాళ్ళు అక్కడి నాన్‌స్టిక్ పెనం గురించి పేరంటాల్లో ఏడాదిపాటు చెప్పేవారు.

ఆ తర్వాత మేముండే భుయ్యాడీహ్ బస్తీ కదిలింది. ఊళ్ళో కాంట్రాక్టు పనులు తగ్గుతున్న కొద్దీ వెల్డర్లు, రిగ్గర్లు, పైపు ఫిట్టర్లు మస్కట్, దమ్మామ్, కువైట్ అంటూ నా కౌంటర్ ముందు నిలబడడం మొదలుపెట్టారు. శ్రీకాకుళం, పలాస, సోంపేటల నుంచి వాళ్ళ తాతలు ఈ ఊరు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. మనవడు సముద్రం దాటతానంటే మాత్రం అందరికీ అనుమానమే. ఎందుకు వెళ్తున్నావు, ఎంతవరకు చదివావు, వస్తావా రావా. పదో తరగతి పాసవలేదంటే ఇంకో ముద్ర కావాలి, ఆ ముద్ర కోసం ఇంకో ఊరు తిరగాలి. ఈ దేశంలోకి రావడమే సులువు, ఇందులోంచి బయటపడ్డమే కష్టం అని నేను విసుక్కుంటే మా యజమాని నవ్వి ఊరుకునేవాడు. ఆయనకి నవ్వులాటే. ఆ లైన్లో నిలబడింది మా వీధివాళ్ళు.

ఆ లైన్లోకి మా అక్క వచ్చింది.

అక్క మా ఊళ్ళోనే సాక్చీలో ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసేది. మంచి నర్సు. చంటిపిల్లల చేతికి కూడా ఒక్క పోటుకే సూది ఎక్కించేది. కానీ అక్కడ ఆమె చేత చేయించే పని వేరు. డాక్టరుగారి చుట్టాలు వస్తే టీ పెట్టాలి, కప్పులు కడగాలి, డాక్టరమ్మ లేనప్పుడు కాన్పులు చెయ్యాలి, డాక్టరమ్మ వచ్చాక పక్కకి జరగాలి. అలాంటి రోజుల్లో కలకత్తా ఏజెంటు ఒకతను మస్కట్ ఆసుపత్రికి నర్సుల్ని తీసుకుంటున్నాడని తెలిసింది. అక్క వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చింది, పాసైంది. గుండెజబ్బుల వార్డులో ఉద్యోగం. "అక్కడ నర్సుని టీ తెమ్మనరట," అంది ఆ రోజు ఇంటికొచ్చి. అంత సంతోషంగా ఆమెని నేను అంతకుముందు చూడలేదు. పట్నా ఆఫీసు నుంచి పాస్‌పోర్టు రప్పించడానికి మేం పడ్డ పాట్లు చెప్పుకుంటే తెల్లారిపోతుంది. వచ్చింది, వీసా పడింది. టికెట్ నేనే చేశాను. నా చేత్తో చేసిన టికెట్లలో ఇంటిమనిషి కోసం చేసింది అదొక్కటే.

గొడవంతా ప్రయాణం రోజు దగ్గర వచ్చింది. అది మంగళవారం. అమావాస్య కూడా పక్కనే ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. టికెట్ మార్చమంది. ఏజెంటు మా ఆఫీసులో గుంపుగా కొన్న టికెట్లు, మార్చడం కుదరదని చెప్పాను. అయితే ప్రస్థానం పెడదామంది. ఇది తెలియనివాళ్ళకి చెప్పాలి. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి ఘడియ చూసి, వెళ్ళే మనిషి వస్తువేదో మూటగట్టి వేరేవాళ్ళ ఇంట్లో పెడతారు. దాంతో మనిషి బయల్దేరినట్టే లెక్క. అసలు రోజున ఆ మూట దార్లో తీసుకుని సాగిపోవాలి. మధ్యలో అది తిరిగి ఇంటికి రాకూడదు. మామూలుగా మూటలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, ఒక జాకెట్ గుడ్డ పెడతారు. ఎవరికీ నష్టం లేని ఆచారం. మా అమ్మ దానికి కొత్త తెలివి జోడించింది.

"గుడ్డముక్క పెడితే ఏటి లాభం? మస్కట్ ఎల్తన్నది గుడ్డముక్కా? ఆ పుస్తకం ఎల్తేనే గదా ఇది ఎల్లేది. అదే పెడదాం," అంది.

"మా, పాస్‌పోర్ట్ ఘర్ సే బాహర్ నహీఁ రఖ్తే," అంది అక్క, పాస్‌పోర్టు ఇల్లు దాటించకూడదని. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే మేం హిందీలో జవాబు చెప్పడం మామూలే.

"ఇంట్లో ఉంచితే ఏటి సేత్తావు? ఎలకలు కొట్టేత్తాయి."

నేను ఊరుకోలేకపోయాను. "అమ్మా, టికెట్ సేసింది నాను. ఆ పుస్తకం లేపోతే ఆ టికెట్ సిత్తుకాయితం. సెప్తన్నాను, ఇను."

"నీ తెలివి నీ జర్మనోలకి సెప్పుకో," అంది అమ్మ.

నాన్న రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపేవాడు. పెద్ద పెద్ద ఇనుప దూలాల్ని అంగుళం తేడా లేకుండా దించే మనిషి, అమ్మ ముందు మాత్రం నోరు తెరిచేవాడు కాదు. "పోన్లే, నాలుగు రోజులే గదా," అన్నాడు. అలా శుక్రవారం పొద్దున్న, ఏ వర్జ్యమూ రాహుకాలమూ లేని మంచి ఘడియలో, అక్క పాస్‌పోర్టు ఎర్ర జాకెట్ గుడ్డలో మూటకట్టించుకుని సీతారాండేరాలో పిన్ని ఇంటికి వెళ్ళింది. ఆమె మాకు చుట్టం కాదు, అమ్మ ఊరి మనిషి, అంతే. అందుకే పిన్ని. మూటలో ఏముందో అమ్మ ఆమెకి చెప్పలేదు. పాస్‌పోర్టు అంటే పదిమందికీ తెలుస్తుంది, దిష్టి తగులుతుందట.

మంగళవారం మధ్యాహ్నం రైలు. పెట్టె ఆటోలో వేసుకుని నలుగురం సీతారాండేరా వెళ్ళాం. పిన్ని ఇంటికి తాళం ఉంది.

మొదట బజారుకి వెళ్ళిందేమో అనుకున్నాం. ఆటోవాడు అప్పటికే ఇంకా డబ్బులు కావాలని గొణగడం మొదలుపెట్టాడు. అక్క మెట్టుమీద కూర్చుంది. అమ్మ వెళ్ళి తాళాన్ని పట్టుకుని ఒకసారి లాగి చూసింది, లాగితే వస్తుందేమోనన్నట్టు. నాన్న నా వైపు చూశాడు. నేను గడియారం చూశాను. ఇంకో అరగంట ఆగితే రైలు సంగతి మర్చిపోవచ్చు. "బద్దలుకొట్టు నాన్నా," అన్నాను. ఎవరి ఇంటి తాళం ఎవరు బద్దలుకొడతారని అమ్మ అడ్డం వచ్చింది. ఆ వాదనకి కొంతసేపు పోయింది. చివరికి నాన్న కాలవ పక్కనున్న ఇనపముక్క తెచ్చి గొళ్ళెం ఊడదీశాడు. లోపలికి పరిగెత్తాం. దేవుడి పీట మీద చూశాం, బియ్యం డబ్బాలో చూశాం, ట్రంకు పెట్టె తీసి పరాయి మనిషి చీరలన్నీ నేలమీద పోశాం. ఎర్ర గుడ్డ ఎక్కడా లేదు.

అప్పుడు చప్పుడు విని పక్కింటి బిహారీ ఆవిడ కొళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చింది. విరిగిన గొళ్ళెం చూసి ముందు మమ్మల్ని దొంగల్ని చేసింది. విషయం చెప్పాక మెత్తబడింది.

"వో లాల్ పోట్లీ? వో తో సాథ్ లే గయీ," అంది. పిన్ని దాన్ని వెంట తీసుకుపోయిందట.

పిన్ని వాళ్ళ అమ్మకి పక్షవాతం వచ్చిందని ముందురోజు టెలిగ్రామ్ వచ్చిందట. మొగుడూ పెళ్ళాం ఉన్నపళంగా శ్రీకాకుళం రైలెక్కారు. వెళ్ళేముందు ఏం ఆలోచించిందో తర్వాత పిన్నే చెప్పింది. ప్రస్థానం మూట దీపం పెట్టని ఇంట్లో ఉండకూడదు. తిరిగి మా ఇంటికి పంపకూడదు. పక్కింట్లో పెడదామంటే వాళ్ళకి ఈ సంగతులు తెలియవు. ముందుకే తీసుకుపోతే ఇంకా మంచిది, ఎంత దూరం సాగితే ప్రయాణం అంత గట్టిపడుతుంది. బియ్యం, పసుపుకొమ్మే కదా అనుకుంది. ఆవిడ తప్పు ఇందులో ఎక్కడుందో నేను ఇప్పటికీ పట్టుకోలేకపోయాను. అదే నన్ను ఎక్కువ మండించింది.

అక్క పాస్‌పోర్టు శ్రీకాకుళంలో ఉంది. అక్క విమానం మర్నాడు దమ్‌దమ్‌లో ఉంది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఫోను ఉన్న ఇల్లు ఏదో కూడా మాకు తెలియదు. తెలిసినా ఏం లాభం, అది గాల్లో ఎగిరి రాదు. అమ్మ మెట్లమీద కూలబడి ఏడ్చింది. ఆటోలో పెట్టెని మళ్ళీ ఇంటికి తెచ్చాం. ప్రయాణమైన పెట్టె వెనక్కి రాకూడదని అమ్మ ఆ ఒక్కసారికి అనలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, అక్క పేరు పక్కన 'రాలేదు' అని నేనే రాసుకున్నాను. గుంపులో మిగతా నర్సులంతా వెళ్ళిపోయారు.

పిన్ని రెండు వారాల తర్వాత వచ్చింది. స్టేషను నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, సంచిలోంచి ఎర్ర మూట తీసి అక్క చేతిలో పెట్టింది. తన తల్లి దగ్గర కూర్చున్నన్ని రోజులూ మూటని గూట్లో పెట్టి దీపం చూపించిందట. "ఇప్పకుండా తెచ్చాను, సూసుకో," అంది. ఆమెని నాలుగు మాటలు అనాలని నేను ఎన్ని రోజులుగానో కూడబెట్టుకున్నాను. అక్క నా చెయ్యి నొక్కింది. "మీ అమ్మకి ఎలాగుంది పిన్నీ?" అని అడిగింది. పిన్ని ఏడుపు మొదలుపెట్టింది, నా మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి.

ఇంతవరకూ దురదృష్టం అనుకుందాం. తర్వాతది ఏమనాలో తెలియదు. ఆ ఏజెంటు మంచివాడు. ఆరు నెలల్లో ఇంకో గుంపు వెళ్తోందని కబురు పెట్టాడు. అక్క వెళ్ళలేదు. ఇంకోసారి పిలిచాడు, వెళ్ళలేదు. అడిగితే చూద్దాంలే అన్నట్టు "దేఖేంగే" అనేది, సాక్చీ వెళ్ళి కప్పులు కడిగేది. ఈలోగా రెండువేల సంవత్సరం దాటింది. మా ఊరు జార్ఖండ్ అయింది. పాస్‌పోర్టుకి పట్నా బదులు రాంచీ వెళ్తే సరిపోయింది. నా కౌంటర్ ముందు మనుషులు మారిపోయారు. సిమెంటు డీలర్లు బ్యాంకాక్ టూర్లు అడుగుతున్నారు. వెల్డర్ల కొడుకులు కంప్యూటర్ పనికి సింగపూర్ వెళ్తున్నారు. జర్మనీవాళ్ళు రావడం తగ్గి చైనావాళ్ళు వస్తున్నారు. ప్రపంచమంతా ఎటో ఒకవైపు కదులుతుంటే మా అక్క మాత్రం భుయ్యాడీహ్ నుంచి సాక్చీకి షేర్ ఆటోలో వెళ్తోంది.

ఒకరోజు ఆ మొదటి గుంపులో వెళ్ళిన కద్మా నర్సు సెలవుకి వచ్చి, తిరుగు టికెట్ కోసం నా ముందు కూర్చుంది. గుండెజబ్బుల వార్డుకి ఇప్పుడు ఆమే పెద్ద. మీ అక్క నాకంటే బాగా చేసేది, ఎందుకు రాలేదని అడిగింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేను అక్క మీద విరుచుకుపడ్డాను. పిరికిదానివన్నాను. నీమీద నేను ఎన్ని ఆశలు పెట్టుకున్నానో తెలుసా అన్నాను. కోపంలో నోటికి ఏదొస్తే అది.

అక్క డ్యూటీ చీర మడత పెడుతోంది. నేను అరవడం అయ్యాక, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆ రోజు తాళం సూసినప్పుడు నువ్వు గడియారం సూసావు. నాను అమ్మని సూసాను."

"సూత్తే ఏటి? ఏడ్సింది."

"ఏడ్సింది తరవాత. ముందు గట్టిగా ఊపిరి ఇడిసింది. సంతలో తప్పిపోయిన పిల్ల దొరికినప్పుడు ఇడుత్తారే, అలాగ." అక్క చీర మడత సరిచేసింది. "ఆ పుస్తకం కావాలని పోగొట్టిందని కాదు. ఆమెకీ తెలీదు. కానీ నాను సూసీసాను గదా. సూసాక మళ్ళీ ఎలాగ ఎల్తాను?"

ఇంతకాలం తాళం మీద, పిన్ని మీద, పట్నా మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పోనీ అక్కమీద పెడదామంటే, ఆమె మొహంలో త్యాగం చేశానన్న గర్వం కూడా లేదు. అలసట ఉంది, అంతే.

అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "ఏటే గుసగుసలు? అన్నం సల్లారిపోతంది, రండి."

వెళ్ళి కూర్చున్నాం. నేను ఒక ముద్ద కలుపుకుని అలాగే ఉండిపోయాను. అమ్మ నన్ను చూడలేదు. "ఈయాల నైట్ డ్యూటీ గదా, సరిగ్గా తిను," అంటూ అక్క కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది.